విజయనగరం కచేరీలు: వెలుగులు, వెలితులు

ఈ స్వర్ణోత్సవ సంచికలో మిత్రులు చాలామంది మన తరగతి గదుల గురించి రాస్తున్నారు. బడి గోడ దాటితే మనకు దొరికిన మరో చదువు మన ఊరి కచేరీ. దాని చరిత్ర గురించి నాలుగు మాటలు.

1919లో విజయరామ గజపతిరాజు గారు ఇక్కడ సంగీత కళాశాల స్థాపించారు. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. వయొలిన్ నేర్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1936లో ఆ పదవి చేపట్టారు. ఘంటసాల, పి. సుశీల ఈ కళాశాలలో చదివినవారే.

దాసుగారు కాలికి గజ్జె కట్టి హరికథ మొదలుపెడితే పండితుడూ పామరుడూ ఒకే చాప మీద కూర్చొనేవారు. గాత్రానికి పక్కవాద్యంగా ఉండే వయొలిన్‌ను ద్వారం వారు ఒంటరిగా కచేరీ నడిపించే స్థాయికి తెచ్చారు. మైకులు లేని రోజుల్లో ఆ సన్నని నాదం వెనుక వరుసకు చేరాలంటే సభ మొత్తం నిశ్శబ్దంగా ఉండాలి. అంటే కచేరీలో సగం పని శ్రోతలదే.

వెలితులూ చెప్పుకోవాలి. ఘంటసాల ఇక్కడ చదువుకున్న రోజుల్లో జోలె పట్టి, మధూకరంతో కడుపు నింపుకొన్నారు. పాటను మెచ్చిన ఊళ్లోనే పాట నేర్చుకొనే పిల్లవాడికి ఆకలి తప్పలేదు. అంతకు ముందు తరాల్లో కళావంతుల స్త్రీల గానాన్ని పెద్దలు ఆసక్తిగా విన్నారు గాని, పాడినవారికి ఇవ్వవలసిన గౌరవం ఇవ్వలేదు. ఆ విద్వాంసురాళ్లలో చాలామంది పేర్లు కూడా మనకు మిగల్లేదు.

మన కాలానికి వస్తే శ్రీరామనవమి, వినాయక చవితి పందిళ్లు గుర్తుకొస్తాయి. రాగం అందుకొనేసరికి మైకు కీచుమనేది, లేదా కరెంటు పోయేది. తని ఆవర్తనం మొదలవగానే సగం మంది టీ కోసం లేచేవారు. మృదంగం వాయించే ఆయన మాత్రం ఖాళీ చాపల ముందు కూడా లెక్క తప్పకుండా ముక్తాయింపు వేసేవారు. త్యాగరాజ కీర్తన మధ్యలో సినిమా పాట కావాలని చీటీలు వెళ్లేవి. తర్వాత ఆర్కెస్ట్రాలు వచ్చాయి, టీవీ వచ్చింది, పందిట్లో చాపలు తగ్గాయి.

సినిమా పాటే కచేరీని చంపిందని కొందరు అంటారు. నాకు అలా అనిపించదు. ఆ పాటకు గొంతులిచ్చిన ఘంటసాల, సుశీల ఈ ఊరి సాధనలోంచి వెళ్లినవారే కదా! తగ్గింది పాట కాదు, రెండు గంటలు ఒకచోట కూర్చొని వినే ఓపిక. ఇప్పుడు ఏ విద్వాంసుడి పాటైనా ఫోనులో దొరుకుతుంది. కాని ఎదుట కూర్చొని తలాడించే మనిషి లేకపోతే కొత్తగా వేదికెక్కిన పిల్లకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే పూర్వ విద్యార్థులకు ఒక మనవి. సిరిమానోత్సవానికో, సెలవులకో ఊరికి వచ్చినప్పుడు ఎక్కడ కచేరీ ఉందో కనుక్కోండి. మనవణ్నో మనవరాలినో వెంటబెట్టుకొని వెళ్లండి. విద్వాంసులను తయారుచేసే కళాశాల మన ఊళ్లో ఉంది. శ్రోతలను తయారుచేసే పని మాత్రం మన ఇళ్లలోనే జరగాలి. తని ఆవర్తనం అయ్యేదాకా లేవకుండా కూర్చుంటే చాలు, ఆ పని మొదలైనట్టే.