బస్సులో, రైల్లో ఇయర్‌ఫోన్ బాగా వినిపించాలంటే... పెంచాల్సింది వాల్యూమ్ కాదు, ఆపాల్సింది రొద

అనంతపురం నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు. బస్సులో నాలుగైదు గంటలు పడుతుంది. వాన మొహం చాటేసిన ఏడాది పని వెతుక్కుంటూ ఈ దారి పట్టేవాళ్లు ఎక్కువ. కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే పెద్దవాళ్లు, పండగకు ఊరికి తిరిగొచ్చే కుటుంబాలు కూడా ఇదే దారిలో కనిపిస్తారు. చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్ ఉంటుంది. ఒకరు ఖుర్‌ఆన్ తిలావత్ వింటారు, ఒకరు కవ్వాలీ పెట్టుకుంటారు, ఇంకొకరు పోటీ పరీక్షల పాఠం వింటారు.

బస్సు వేగం అందుకునేసరికి అందరూ చేసే పని ఒక్కటే, వాల్యూమ్ పెంచడం. ఇంట్లో సగం మీద హాయిగా వినిపించింది పెనుకొండ చేరేలోపు చివరిదాకా వెళ్లిపోతుంది. అయినా మాట స్పష్టంగా ఉండదు. దిగిన తర్వాత చెవుల్లో గుయ్‌మని మోత మాత్రం మిగులుతుంది. ఖరీదైన హెడ్‌ఫోన్ కొన్నా చాలామందికి ఇదే అనుభవం. లోపం చాలాసార్లు వస్తువులో ఉండదు, వాడే తీరులో ఉంటుంది.

రొద ఏం చేస్తుంది?

డీజిల్ ఇంజన్ మోత, టైర్ల హోరు ఎక్కువగా తక్కువ స్థాయి, అంటే బొంగురు శబ్దాలు. ఇలాంటి శబ్దం గట్టిగా ఉంటే తనకంటే పైస్థాయి శబ్దాలను కూడా కప్పేస్తుంది. మాటలోని స, ష, త, ఫ లాంటి అక్షరాలను గుర్తుపట్టేది పైస్థాయి శబ్దాలతోనే. అందుకే బస్సులో గొంతు వినిపిస్తుంది గానీ మాట అర్థం కాదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. పాత బస్సు లోపల రొద 80 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉందనుకుందాం. పాట దాన్ని దాటి బాగా వినిపించాలంటే 90 డెసిబెల్స్ దాకా పెంచాలి. అదే చెవిని సరిగ్గా మూసే ఇయర్‌ఫోన్ 15 డెసిబెల్స్ రొదను ఆపితే లోపలికి వచ్చేది 65 మాత్రమే. అప్పుడు పాట 75 దగ్గరే ఉన్నా అంతే స్పష్టంగా ఉంటుంది. పాట మారలేదు, ఫోన్ మారలేదు. చెవి మీద పడే భారం మాత్రం బాగా తగ్గింది.

ముందు చెవిలో సరిగ్గా కూర్చోవాలి

ఇయర్‌బడ్స్ కొన్నప్పుడు పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద సైజుల సిలికాన్ టిప్పులు వస్తాయి. చాలామంది మధ్య సైజుతోనే సరిపెట్టుకుని మిగతావి ఎక్కడో పారేస్తారు. టిప్పు వదులుగా ఉంటే బేస్ బయటికి పోయి శబ్దం పల్చగా, రేకు డబ్బా మోతలా ఉంటుంది. అదే సందులోంచి ఇంజన్ మోత లోపలికి వస్తుంది.

సరైన సైజు తెలుసుకోవడం సులభం. బడ్ పెట్టుకునేటప్పుడు ఇంకో చేత్తో చెవి పైభాగాన్ని కాస్త పైకి, వెనక్కి లాగి, బడ్‌ను మెల్లగా తిప్పుతూ లోపలికి పెట్టాలి. పాట లేకుండానే చుట్టూ ఉన్న శబ్దం తగ్గినట్టు అనిపిస్తే టిప్పు సరిపోయినట్టే. రెండు చెవులకు రెండు సైజులు పట్టడం కూడా మామూలే. సిలికాన్ జారిపోతుంటే ఫోమ్ టిప్పులు వాడొచ్చు. అవి చెవి ఆకారానికి తగ్గట్టు ఉబ్బి రొదను ఇంకా బాగా ఆపుతాయి.

హిజాబ్ లేదా స్కార్ఫ్ వేసుకునే మహిళలు ఒక విషయం గమనించాలి. చెవి మొత్తం కప్పే పెద్ద హెడ్‌ఫోన్‌ను బట్ట మీద పెడితే కప్పు చెవి చుట్టూ ఆనదు, బేస్ తగ్గుతుంది. స్కార్ఫ్ కింద పెట్టుకుంటే శబ్దం నిండుగా ఉంటుంది. చెవిలో పెట్టే బడ్స్ అయితే బట్ట తగిలి పాట ఆగిపోవడం, కాల్ కట్ అవడం జరుగుతుంది. యాప్‌లో టచ్ కంట్రోల్ ఆపేస్తే ఆ గొడవ ఉండదు. కళ్లజోడు కాడలు మందంగా ఉన్నా పెద్ద హెడ్‌ఫోన్ కింద సందు ఏర్పడుతుంది.

నాయిస్ క్యాన్సిలేషన్ ఎక్కడ పని చేస్తుంది?

బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన ఇంజనీరు అమర్ బోస్‌కు 1978లో విమానంలో ప్రయాణిస్తుండగా ఈ ఆలోచన వచ్చింది. విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్‌లో ఇంజన్ మోత వల్ల సంగీతం వినిపించకపోవడమే కారణం. ఆయన కంపెనీ 1989లో పైలట్ల కోసం, 2000లో సాధారణ ప్రయాణికుల కోసం ఇలాంటి హెడ్‌సెట్లు మార్కెట్లోకి తెచ్చింది.

పద్ధతి ఇదీ. హెడ్‌ఫోన్‌లోని చిన్న మైకు బయటి రొదను వింటుంది. దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని లోపలి చిప్ తయారు చేస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఇంజన్, ఏసీ, రైలు చక్రాల మోత లాంటి ఒకే తీరున సాగే శబ్దాల మీద ఇది బాగా పని చేస్తుంది. హారన్, పసిపిల్ల ఏడుపు, పక్క సీటు మాటల మీద అంతగా పని చేయదు. వాటిని ఆపేది సరిగ్గా కూర్చున్న టిప్పే. కాబట్టి టిప్పు వదులుగా పెట్టుకుని నాయిస్ క్యాన్సిలేషన్ పని చేయలేదంటే ప్రయోజనం లేదు.

బ్లూటూత్ తెగిపోతుంటే

బ్లూటూత్ సిగ్నల్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. నీళ్లతో నిండిన మన శరీరం ఆ సిగ్నల్‌ను పీల్చేసుకుంటుంది. ఫోన్ వెనక జేబులో ఉంటే పాట తెగి తెగి రావడానికి అదే కారణం కావచ్చు. చొక్కా జేబులోకి మారిస్తే తేడా తెలుస్తుంది.

ఫోన్ నుంచి బడ్స్‌కు శబ్దం పంపే పద్ధతిని కోడెక్ అంటారు. ఎస్‌బీసీ అన్నింటిలోనూ ఉంటుంది. ఐఫోన్ ఏఏసీ వాడుతుంది. సోనీ తయారు చేసిన ఎల్‌డాక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు, ఆండ్రాయిడ్ 8 నుంచి ఫోన్లలో అందుబాటులో ఉంది. పెద్ద అంకె చూసి మోసపోవద్దు. కిక్కిరిసిన రైలు పెట్టెలో అంత డేటా నిలకడగా వెళ్లక శబ్దం తెగుతుంది. ప్రయాణంలో ఏఏసీ, ఎస్‌బీసీ చాలు.

ఇంకో అనుమానం చాలామందికి ఉంటుంది. పాట బాగానే ఉంటుంది, కాల్ రాగానే శబ్దం పాత టెలిఫోన్‌లా అయిపోతుంది. అది చెడిపోయినట్టు కాదు. మైకు కూడా వాడాల్సి వచ్చినప్పుడు బ్లూటూత్ తక్కువ నాణ్యత ఉన్న వేరే పద్ధతికి మారుతుంది. కాల్ అవగానే మామూలైపోతుంది.

వైరు ఇయర్‌ఫోన్‌కు తక్కువేం లేదు

చార్జింగ్ గోల లేదు, సిగ్నల్ తెగదు. నడిచేటప్పుడు వైరు చొక్కాకు రాసుకుని గరగరమంటుంటే, వైరును చెవి పైనుంచి వెనక్కి తిప్పి పెట్టుకుంటే ఆ మోత చాలావరకు పోతుంది. కొనేటప్పుడు ఇంపీడెన్స్ 16 నుంచి 32 ఓమ్స్ ఉన్నవి చూడాలి. స్టూడియోల్లో వాడే 250 ఓమ్స్ రకాలను మామూలు ఫోన్ సరిగ్గా నడిపించలేదు.

ఒక చెవిలోనే వస్తుంటే ముందు జాక్ రంధ్రం చూడాలి. జేబులోని నూలుపీచు అందులో చేరుకుంటుంది. ఫోన్ ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీస్తే చాలాసార్లు సరిపోతుంది. లోహపు పిన్ను వాడకూడదు.

ముందే డౌన్‌లోడ్, తర్వాత ఈక్వలైజర్

ఊరు దాటగానే టవర్ దొరక్క పాట ఆగుతుంది, లేదా యాప్ తనంతట తానే నాణ్యత తగ్గిస్తుంది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోవడం మేలు. 160 కిలోబిట్ల పాటలకు గంటకు సుమారు 72 ఎంబీ పడుతుంది. తిలావత్, బయాన్, పాఠాలు ఒక్క గొంతే కాబట్టి 64 కిలోబిట్లయినా చాలు, గంటకు 29 ఎంబీ లోపే అవుతుంది.

మాట తేటగా వినిపించాలంటే ఈక్వలైజర్‌లో బేస్‌ను రెండు మూడు గీతలు తగ్గించాలి. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం పెంచొచ్చు. అన్ని గీతలూ పైకి తోస్తే శబ్దం పగిలిపోతుంది. ఒక చెవిలోనే బడ్ పెట్టుకునేవారు, ఒక చెవి సరిగ్గా వినిపించని పెద్దలు ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉండే మోనో ఆడియో ఆన్ చేసుకోవాలి. రెండు వైపుల శబ్దమూ ఒకే చెవికి వస్తుంది.

మన గాలి, దుమ్ము, ఎండ

పడమటి కనుమల వెనక ఉన్న ఈ పీఠభూమికి నైరుతి రుతుపవనాలు వానకంటే గాలినే ఎక్కువ తెస్తాయి. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబడింది ఆ గాలి కోసమే. అదే గాలి బడ్స్ మైకు మీద కొడితే కాల్‌లో అవతలివారికి హోరు తప్ప మాట వినిపించదు, నాయిస్ క్యాన్సిలేషన్ కూడా గడబిడ పడుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడి మాట్లాడాలి. యాప్‌లో గాలి రొద తగ్గించే సెట్టింగ్ ఉంటే వాడుకోవాలి.

శబ్దం రోజురోజుకూ తగ్గుతోందంటే జాలీలో దుమ్ము, గుబిలి చేరి ఉంటాయి. టిప్పు తీసి సబ్బునీళ్లలో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. జాలీని పొడి బ్రష్‌తో, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని తుడవాలి. వుజూ చేసేటప్పుడు బడ్స్ పెట్టెలో పెట్టేయాలి, చెవులు తడి ఆరాకే మళ్లీ పెట్టుకోవాలి. 40 డిగ్రీల ఎండలో ఆపిన కారులో గానీ, బండి ట్యాంకు కవర్లో గానీ వదిలేస్తే లోపలి లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదైపోతుంది.

వారానికి ఒక కోటా ఉంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చు. పిల్లలకైతే ఆ హద్దు 75. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు సమయం సగానికి పడిపోతుంది. 90 దగ్గర వారానికి 4 గంటలే. 100 దగ్గర 20 నిమిషాలే. అంటే వాల్యూమ్ చివరిదాకా పెట్టుకుని బెంగళూరు వెళ్తే, ఒక్క ప్రయాణంలోనే వారం కోటా అయిపోతుంది. తిరుగు ప్రయాణమంతా అప్పే. ఆ అప్పు చెవి ఎప్పటికీ తీర్చలేదు, ఎందుకంటే లోపలి చెవిలో దెబ్బతిన్న రోమకణాలు మళ్లీ మొలవవు.

ఫోన్‌లో వాల్యూమ్ పరిమితి సెట్టింగ్ ఉంటే పిల్లల ఫోన్లలో తప్పకుండా పెట్టాలి. గంటకోసారి పది నిమిషాలు చెవులకు విశ్రాంతి ఇవ్వాలి. చెవుల్లో మోత ఒక రోజు దాటినా తగ్గకపోయినా, "ఏం బేటా, ఎన్నిసార్లు పిలవాలి?" అని అమ్మీ రోజూ అడగాల్సి వస్తున్నా వాయిదా వేయకుండా చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చూపించాలి. ఒక్కసారిగా వినికిడి తగ్గితే అదే రోజు వెళ్లాలి.

చెవులు తెరిచి ఉంచాల్సిన చోట్లు

బండి నడిపేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర ఇయర్‌ఫోన్ తీసేయాలి. గుంతకల్లు లాంటి పెద్ద జంక్షన్లలో ఒక పట్టా మీద బండి వెళ్తుంటే పక్క పట్టా మీద ఇంకోటి వస్తుంది. నాయిస్ క్యాన్సిలేషన్ ఇంజన్ మోతనే బాగా ఆపుతుందని గుర్తుంచుకోవాలి. సీటులో కూర్చున్నప్పుడు వరంలా పనికొచ్చేది పట్టాల దగ్గర ప్రాణం మీదికి తెస్తుంది.

బస్సు బయల్దేరే ముందే టిప్పు సరిచూసుకుని, ఆగి ఉన్న బస్సులో వాల్యూమ్ ఎంత కావాలో అంత పెట్టుకోవాలి. దారిలో బొటనవేలు పైకి వెళ్లబోతే ముందు బడ్‌ను ఒకసారి సర్ది చూడాలి. చాలాసార్లు అదే సరిపోతుంది.