గాలి ఓడ పేరు సోమలింగం

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఆకాశంలోనూ కావలసినన్ని ఉదాహరణలున్నాయి. కట్టని, ఎగరని, అసలు కట్టడానికే వీలులేని గాలి ఓడలకు మనుషులు మూడు వందల ఏళ్ళకు పైగా పేర్లు పెడుతూనే ఉన్నారు. ఓడ సంగతి ఎలా ఉన్నా బారసాల మాత్రం ఏనాడూ ఆగలేదు. యజమాని ఒక పేరు పెడితే, చూడవచ్చిన జనం ఇంకో పేరు పెట్టారు. చాలాసార్లు నిలిచింది రెండోదే.

1709 ఆగస్టులో లిస్బన్‌లో పోర్చుగల్ రాజు అయిదో జొవావ్ ఎదుట, బ్రెజిల్‌లో పుట్టిన మతాచార్యుడు బార్తొలొమ్యూ డి గుస్మావ్ ఓ చిన్న కాగితపు బుడగను వేడిగాలితో పైకి లేపి చూపించాడు. జరిగింది అంతే. యూరప్ అంతా తిరిగిన బొమ్మ మాత్రం వేరు. దానికి పక్షి తల, పక్షి తోక, పైన తెరచాప, నడుమ మనిషి కూర్చున్న పడవ. పేరు ‘పస్సరోలా’, అంటే పెద్ద పిట్ట. ఆరాలతో విసిగించేవాళ్ళను తప్పుదోవ పట్టించడానికి గుస్మావ్ శిష్యుడైన ఓ కుర్ర ప్రభువు సరదాగా గీసిన బొమ్మ అదని చరిత్రకారులు చెబుతారు. ఎగిరిన బుడగకు పేరే లేదు. ఎగరని పిట్టను మాత్రం 1982లో జోసె సరమాగో తన నవలలోకి తెచ్చి మరీ ఎగరేశారు.

దాదాపు వందేళ్ళ తర్వాత వచ్చిన ‘మినర్వా’ది రాజఠీవి. మాయాదీపంతో దయ్యాలను చూపించి ప్యారిస్‌ను వణికించిన ఎతియెన్-గాస్పార్ రాబర్ట్‌సన్, 1804లో వియన్నాలో ఓ చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. 150 అడుగుల వ్యాసం గల బెలూన్ కింద ఓడ, అందులో 60 మంది పండితులు, వాళ్ళకు వంటగది, ప్రార్థనామందిరం, పరిశోధన గదులు. బెలూన్ నెత్తిన కాపలాకు గుర్తుగా ఓ కోడిపుంజు. రోమన్ల జ్ఞానదేవత పేరు పెట్టి, యూరప్‌లోని అకాడమీలన్నీ కలిసి కట్టుకోండని ఉచిత సలహా ఇచ్చాడు. ఎవరూ కట్టలేదు.

పేరు పెట్టడంలోని చమత్కారాన్ని బాగా పట్టుకున్నవాళ్ళు కథకులే. 1844 ఏప్రిల్‌లో ‘న్యూయార్క్ సన్’ పత్రిక, ‘విక్టోరియా’ అనే బెలూన్ 75 గంటల్లో అట్లాంటిక్ దాటిందని వార్త వేసింది. జనం పత్రిక కోసం ఎగబడ్డారు. రెండు రోజులకు ఆ పత్రికే నిజం కాదేమోనని సర్దుకుంది. వార్త రాసినవాడు ఎడ్గార్ అలన్ పో. అది ఉత్త కల్పన. మహారాణి పేరు తగిలిస్తే అబద్ధానికి కూడా మర్యాద వస్తుందని ఆయనకు తెలుసు. 1863లో జూల్ వెర్న్ ఆఫ్రికా మీదుగా నడిపించిన బెలూన్‌కు కూడా ‘విక్టోరియా’ పేరే పెట్టాడు.

వెర్న్ అసలు చమత్కారం 1886 నాటి ‘రోబుర్’ నవలలో ఉంది. ఫిలడెల్ఫియాలోని ఓ క్లబ్బు సభ్యులు బ్రహ్మాండమైన బెలూన్ కడుతుంటారు. దాని పేరు ‘గో ఎహెడ్’. పేరులో ముందుకు పొమ్మని ఉన్నా పని మాత్రం ముందుకు పోదు. పంకా ముందు బిగించాలా వెనక బిగించాలా అన్నదాని మీద రెండు వర్గాలుగా చీలి సభ్యులు జుట్లు పట్టుకోబోతారు. బెలూన్లను ఈసడించే రోబుర్ తన యంత్రానికి సముద్రపక్షి ‘ఆల్బట్రాస్’ పేరు పెట్టుకుని, పంకాల బలంతో దాన్ని లోకమంతా తిప్పుతాడు.

నిజంగా కట్టిన ఓడలదీ ఇంచుమించు ఇదే కథ. 1907లో బ్రిటిష్ సైన్యం తన మొదటి ఎయిర్‌షిప్‌ను పశువుల పేగుల పలచని పొరలతో చేయించి, దానికి లాటిన్‌లో ‘నల్లి సెకుండస్’ అని పేరు పెట్టింది. అంటే ‘ఎవరికీ రెండోది కానిది’. అక్టోబర్ 5న అది ఫార్న్‌బరో నుంచి లండన్ దాకా ఎగిరి, సెయింట్ పాల్స్ గుమ్మటం చుట్టూ తిరిగి నగరాన్ని మురిపించింది. తిరుగుదారిలో ఎదురుగాలికి ఆగలేక క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర దిగింది. అయిదు రోజుల తర్వాత గాలి బలానికి నాశనమయ్యేలా ఉందని సిబ్బందే గాలి తీసి మడతపెట్టారు. మరుసటి ఏడు మళ్ళీ కట్టి పెట్టిన పేరు ‘నల్లి సెకుండస్ రెండు’. ఎవరికీ రెండోది కానిదానికి రెండోది!

నౌకాదళం వంతు 1911లో వచ్చింది. జర్మనీ జెప్పెలిన్లకు పోటీగా ఇంగ్లండ్‌లోని బారోలో వికర్స్ కంపెనీ 512 అడుగుల ఓడ కట్టింది. కాగితాల మీద దాని పేరు ‘హిజ్ మెజెస్టీస్ ఎయిర్‌షిప్ నంబర్ 1’. నావికులు మాత్రం ‘మేఫ్లై’ అన్నారు. మేఫ్లై ఒకటి రెండు రోజులే బతికే రెక్కల పురుగు. అదే మాటను విడగొట్టి పలికితే ‘ఎగిరితే ఎగరొచ్చు’. బరువెక్కువైందని వెన్నుదూలం లాంటి భాగాన్ని తీసేశారు. సెప్టెంబర్ 24న షెడ్డులోంచి బయటికి లాగుతుంటే ఓడ నడిమికి విరిగింది. ప్రాణనష్టం లేదు, ఓడ ఒక్కసారీ ఎగరలేదు. నంబర్ 1 అన్న పేరు దస్త్రాలకే పరిమితమైంది.

ఈ అలవాటు ఇప్పటికీ పోలేదు. 2016లో ఇంగ్లండ్‌లో ఎగిరిన 92 మీటర్ల ‘ఎయిర్‌ల్యాండర్ 10’ను వెనక నుంచి చూసిన పత్రికలు ‘ఎగిరే పిరుదులు’ అన్నాయి. కంపెనీ ఎంత హుందాగా ప్రకటనలు చేసుకున్నా శీర్షికల్లో ఆ పేరే నడిచింది.

మన దగ్గర ఊహా విమానాల పేర్లలో ఇలాంటి వేళాకోళం కనబడదు. పుష్పకం సంగతి అందరికీ తెలిసిందే. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో పండిత సుబ్బరాయశాస్త్రి చెప్పగా రాసిన ‘వైమానిక శాస్త్రం’లో శకున, సుందర, రుక్మ, త్రిపుర అని నాలుగు విమానాలున్నాయి. 1923లో బెంగళూరులో ఎల్లప్ప వాటికి బొమ్మలు గీశారు. పేర్లు మంత్రాల్లా వినసొంపుగా ఉంటాయి. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన అయిదుగురు పరిశోధకులు ఆ లెక్కలన్నీ పరిశీలించి, వాటిలో ఏదీ ఎగరదనీ, గ్రంథం 1904కు ముందుది కాదనీ తేల్చారు. అయినా ప్రాచీన విజ్ఞానమంటూ ఆ బొమ్మలు ఈనాటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

ఊహా ఓడలకు పేర్లు పెట్టడంలో అందరినీ మించినవాడు చార్లెస్ డెల్‌షావ్. 1830లో ప్రష్యాలో పుట్టి, కుర్రతనంలోనే టెక్సస్ చేరి, చాలాకాలం కసాయిగా, ఆ తర్వాత హ్యూస్టన్‌లో గుర్రపు జీన్లు అమ్మే దుకాణంలో గుమస్తాగా పనిచేశాడు. ఉద్యోగం మానేశాక ఇంట్లో కూర్చుని, 1923లో చనిపోయేలోగా ఎయిర్‌షిప్ బొమ్మలతో పెద్ద పెద్ద పుస్తకాలు నింపాడు. ఎర్ర, నీలి చారల బెలూన్లు, కింద చక్రాలు, పక్కన అతికించిన విమాన ప్రమాదాల వార్తలు, అక్కడక్కడా రహస్య లిపి. 1850ల్లో కాలిఫోర్నియాలోని సోనోరాలో ఒక గుప్త ఏరో క్లబ్ ఉండేదనీ, ఈ ఓడలన్నీ అక్కడి మిత్రులవేననీ రాసుకున్నాడు. ఆ క్లబ్బు ఉన్నట్టు ఒక్క ఆధారమూ దొరకలేదు.

పేర్లు చూడండి. పీటర్ మెన్నిస్ అనే పానప్రియుడు కనిపెట్టాడన్న ఓడ ‘ఏరో గూసీ’, అంటే బాతమ్మ. ఇంకొకటి ‘ఏరో ట్రంప్’, పేకాటలో తురుఫు ముక్క. ‘కానీ, పోనీ’ అని అదిలిస్తున్నట్టు ‘ఏరో గోఇట్’. ముద్దుగా పిలుచుకునే ఆడపిల్లలా ‘ఏరో డోరా’. దేవతలూ రాణులూ లాటిన్ గొప్పలూ ఇక్కడ లేవు. సాయంత్రం బల్ల చుట్టూ చేరిన నేస్తాలు ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ పెట్టుకున్న పేర్లలా ఉన్నాయి. మిగతా ఓడలకు జనం పెట్టినలాంటి వెక్కిరింత పేర్లను డెల్‌షావ్ యజమాని తరఫున తానే పెట్టుకున్నాడు. అందుకే అతని ఓడలను ఇంకెవరూ వెక్కిరించలేకపోయారు.

అతను పోయాక నలభై ఏళ్ళకు పైగా ఆ పుస్తకాలు ఇంట్లోనే పడి ఉన్నాయి. 1960ల్లో ఇల్లు ఖాళీ చేస్తూ చెత్తతో పాటు బయట పారేస్తే, పాత సామాన్ల వ్యాపారి చేతిలో పడ్డాయి. వాటిలో నాలుగింటిని కళాసేకర్త డొమినిక్ డి మెనిల్ కొన్నారు. అవి ఇప్పుడు హ్యూస్టన్‌లోని మెనిల్ కలెక్షన్‌లో ఉన్నాయి. ఆ ఊళ్ళో వేలమంది తెలుగువాళ్ళున్నారు, మ్యూజియానికి టికెట్ కూడా లేదు.