ఆయిల్‌లో దొరికిన పెచ్చు

2009 మార్చి 25. స్కాట్లాండ్‌లోని అబర్డీన్. ఉత్తర సముద్రంలోని చమురు బావులకు మనుషుల్ని చేరవేసే సూపర్ ప్యూమా హెలికాప్టర్‌ను మరమ్మతు సిబ్బంది తనిఖీ చేస్తున్నారు. రోటర్‌ను తిప్పే గేర్ బాక్స్‌లో ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. లోపల ఏ పళ్లచక్రం అరిగినా ఆ ఇనుప రజను ఆయిల్‌తో కొట్టుకొచ్చి దానికి అంటుకోవాలి. ఆ రోజు దానికి ఒక పెచ్చు అంటుకుని ఉంది.

అది ఏ భాగం నుంచి ఊడిందో తేలాలి. తయారీ సంస్థతో ఫోన్లు, ఈమెయిళ్లు నడిచాయి. ఒకరు చెప్పింది ఇంకొకరికి ఇంకోలా అర్థమైంది. గేర్ బాక్స్‌లో పెచ్చు దొరికిన అంతస్తును విప్పి, లోపలున్న అయస్కాంతాల వలయాన్ని చూసే పని జరగలేదు. పెచ్చుతో భయం లేదనుకున్నారు. హెలికాప్టర్ మళ్లీ గాల్లోకి లేచింది.

ఇంకో 36 గంటలు ఎగిరింది.

ఏప్రిల్ 1న మిల్లర్ చమురు వేదిక నుంచి 14 మంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లతో తిరిగొస్తుండగా గేర్ బాక్స్‌లో ఒక చక్రం బద్దలైంది. రోటర్ ఊడిపోయింది. పదహారు మందిలో ఒక్కరూ దక్కలేదు. విరగబోతున్న ఆ చక్రం ముందుగా ఇచ్చిన ఒకే ఒక్క హెచ్చరిక ఆ పెచ్చేనని బ్రిటన్ దర్యాప్తు విభాగం తేల్చింది. ఆ తర్వాత రాలిన రజను దాన్ని పసిగట్టే పరికరాల దాకా చేరే అవకాశాన్ని లోపలి అయస్కాంతాల వలయమే తగ్గించిందని కూడా చెప్పింది. 2016లో నార్వేలో ఇంకో హెలికాప్టర్‌లో దాదాపు అలాంటి చక్రమే విరిగి 13 మంది పోయారు. అప్పుడు ఆ ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. అందుకే వచ్చిన హెచ్చరికను వదులుకోవడం నన్ను మరీ బాధపెడుతుంది.

కైకలూరు, మండవల్లి, ఆకివీడు రొయ్యల చెరువుగట్ల మీద జనరేటర్ పెట్టుకున్న ప్రతి రైతుకూ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. రాత్రిపూట కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లను తిప్పేది ఆ ఇంజనే. అది మొరాయిస్తే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య చచ్చిపోతుంది. ఆ ఇంజన్ కూడా తన జబ్బును చాలాసార్లు ముందు ఆయిల్‌లోనే చూపిస్తుంది. ఇనుము పెరిగితే లైనరో క్రాంక్‌షాఫ్టో అరుగుతున్నట్టు. సీసం, తగరం, రాగి కనిపిస్తే బేరింగులను అనుమానించాలి. సిలికాన్ ఎక్కువైతే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోతోందని. అమెరికా రైల్వేలు 1940ల్లోనే డీజిల్ ఇంజన్ల ఆయిల్‌ను ఇలా పరీక్షించాయి. మన రైల్వే డీజిల్ షెడ్లకూ ఇది పాత విద్యే.

రైతులారా, ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు పాతదాన్ని బోదెలో పారబోయకండి. ఇంజన్ గోరువెచ్చగా ఉండగానే, ధార సగం పోయాక, శుభ్రమైన సీసాలో కొంచెం పట్టండి. తేదీ, ఇంజన్ తిరిగిన గంటలు సీసా మీద రాసి ల్యాబ్‌కు పంపండి. ఒక్కసారి వచ్చిన అంకె చెప్పేది తక్కువ. వరసగా ప్రతిసారీ పంపి, ఏది పెరుగుతోందో చూడాలి. అంకె పెరిగితే ఫోన్లో మాటలతో సరిపెట్టకండి, మెకానిక్‌ను పిలిచి విప్పించండి. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. అక్కడి మెకానికల్ విద్యార్థులు, అధ్యాపకులు ఈ చెరువుల దాకా వచ్చి, రైతుల ఆయిల్‌ను పరీక్షించే పని చేపట్టాలని నా విన్నపం.