కొట్టి రాయించిన ఇక్రార్

దక్షిణ కొరియా దర్శకుడు బాంగ్ జూన్-హో 2003లో తీసిన ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ ఖాతిల్ దొరకని దాస్తాన్. 1986-91 మధ్య హ్వాసాంగ్ ప్రాంతంలో పదిమంది ఆడవాళ్లు, ఆడపిల్లలు హత్యకు గురయ్యారు. మొదట్లో ఫౌజీ హుకూమత్ నడుస్తున్న రోజులు. సినిమాలో ఓ రాత్రి డిటెక్టివ్‌లు అదనపు బలగం అడిగితే, జవాన్లంతా జులూసులను అణచడానికి పోయారని జవాబొస్తుంది.

ఠాణాలో మాత్రం బలానికి కొదవ లేదు. మతి చాలని కుర్రాణ్ణి తన్ని, ఏం చెప్పాలో నేర్పి, ఇక్రార్‌ను టేపులో ఎక్కిస్తారు. అక్కడ మనకు నవ్వొస్తుంది. నన్ను ఎక్కువగా భయపెట్టింది ఆ నవ్వే.

ఎందుకంటే అసలు జరిగింది అంతకన్నా ఘోరం. ఎనిమిదో హత్య కేసులో 1989లో పోలియో సోకిన 22 ఏళ్ల గరీబు కార్మికుణ్ణి పట్టుకున్నారు. నిద్రపోనివ్వకుండా ఇక్రార్ రాయించారు. ఉమర్ ఖైద్ పడింది. సుమారు ఇరవయ్యేళ్లు జైల్లో గడిపి 2009లో బయటికొచ్చాడు, ఖాతిల్ అనే ముద్రతోనే. సినిమా ఆడుతున్నప్పుడు ఆ మజ్లూమ్ కటకటాల వెనకే ఉన్నాడు, జనాబ్!

2019లో డీఎన్ఏ అసలువాణ్ణి చూపించింది. మరదలి హత్యకు 1994 నుంచీ జైల్లోనే ఉన్న లీ చున్-జే. ఎనిమిదోదీ నేనే చేశానన్నాడు. ఆ సినిమా చూశాననీ, ఏమీ అనిపించలేదనీ అదాలత్‌లో చెప్పాడు. 2020 డిసెంబరులో అదాలత్ ఆ కార్మికుణ్ణి బేగునా అంది. హ్వాసాంగ్ హత్యలకు లీపై ముకద్దమా నడవలేదు, మియాద్ తీరిపోయింది. ఇక్రార్ రాయించిన పోలీసులకూ అంతే.