గులాబీ కాగితం

"ఆమెకు సాయం చేసి, చనిపోకుండా చూసేవాళ్లు అక్కడ ఒక్కరూ లేరా?"

"ప్రస్తుతానికి లేరు."

అడిగింది అమెరికా అత్యవసర నంబరు 911లో ఫోన్ తీసిన డిస్పాచర్. జవాబిచ్చింది తాను నర్సునని చెప్పుకున్న ఉద్యోగిని. ఇద్దరి మధ్య ఫోన్ తీగ. అవతలి కొసన, భోజనాల గదిలో, ఊపిరి అందీ అందక కొట్టుకుంటున్న 87 ఏళ్ల ఆవిడ.

2013 ఫిబ్రవరి 26. కాలిఫోర్నియాలో లాస్ ఏంజిలిస్‌కు ఉత్తరాన ఉన్న బేకర్స్‌ఫీల్డ్ నగరం. వయసు మళ్లినవాళ్లు డబ్బు కట్టి ఉండే పెద్ద నివాస సముదాయం. ఆ పెద్దావిడ పేరు అప్పట్లో పత్రికలన్నీ రాశాయి, మనకు అవసరం లేదు. కాల్ నిడివి ఏడు నిమిషాల పదహారు సెకన్లు.

డిస్పాచర్ మొదట మామూలుగానే చెప్పింది. సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి గుండెను ఆడించే పని, మొదలుపెట్టండి, ఎలా చేయాలో నేను చెబుతాను అంది. మా దగ్గర అలా చేయడానికి వీల్లేదని జవాబు. మీకేమీ చుట్టుకోదు, బాధ్యత మాది అంది. అయినా కుదరదన్నారు. పోనీ ఫోన్ ఇంకెవరికైనా ఇవ్వండి, దారినపోయే వాళ్లెవరైనా సరే, తోటమాలి అయినా సరే, అని బతిమాలింది. గొంతు పెరిగింది. మనుషులుగా అడుగుతున్నాను అనేదాకా వచ్చింది. నర్సు పక్కకు తిరిగి ఎవరితోనో అంటున్న మాటలు కూడా టేపులో పడ్డాయి. ఈవిడ నామీద అరుస్తోంది, ఇక్కడుంటున్న వాళ్లలో ఎవరితోనైనా సీపీఆర్ చేయించమంటోంది, నాకు ఒత్తిడిగా ఉంది, నేను ఆ పని చేయను అని.

టేపు వింటే ఒళ్లు మండుతుంది. ఇంకోసారి వింటే మాత్రం ఆ గొంతులో కాఠిన్యం కన్నా భయమే ఎక్కువ వినిపిస్తుంది. పైవాళ్లు పెట్టిన నిబంధన దాటితే ఏమవుతుందో తెలియని ఉద్యోగి భయం అది. ఫైర్ సిబ్బంది వచ్చారు. ఆమెను ఆస్పత్రికి చేర్చారు. అక్కడ ప్రాణం పోయింది.

టేపు బయటికొచ్చాక దేశమంతా భగ్గుమంది. యాజమాన్యం ముందు సమర్థించుకుంది: ఇలాంటప్పుడు 911కి ఫోన్ చేసి, సిబ్బంది వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండటమే మా పద్ధతి అంది. ఒకట్రెండు రోజులకే మాట మార్చింది. మా ఉద్యోగిని నిబంధనను తప్పుగా అర్థం చేసుకుంది, పైగా ఆమె అక్కడ నర్సు హోదాలో పనిచేయడం లేదు అంది. పోలీసులు విచారించి నేరమేమీ లేదని తేల్చారు. ఇంతమంది కోపంగా ఉంటే, కోపం రావలసిన కుటుంబం మాత్రం చల్లగా ఒక ప్రకటన ఇచ్చింది. ప్రాణాన్ని పొడిగించే చికిత్సలేవీ లేకుండా సహజంగా పోవాలన్నది మా అమ్మ కోరిక, ఆ సముదాయంలో వైద్య సిబ్బంది ఉండరని తెలిసే ఆమె అక్కడ చేరింది, మేం దావా వేయడం లేదు అని.

అంటే కోరిక ఉంది. పిల్లలకు తెలుసు. తెలియాల్సిన చోట కాగితం లేదు.

ఆ ప్రాంగణంలో మూడు రకాల జీవితాలున్నాయి. ఒకవైపు ఎవరి పని వాళ్లు చేసుకునే ఇండిపెండెంట్ లివింగ్. మరోవైపు స్నానం, మందులు, నడక వంటివాటికి చేయి అందించే అసిస్టెడ్ లివింగ్. ఇంకోవైపు నర్సింగ్ విభాగం. ఆవిడ ఉన్నది మొదటి దాంట్లో. దానికి లైసెన్స్ అక్కర్లేదు, అద్దె ఇల్లు లాంటిదే. అసిస్టెడ్ లివింగ్‌కు రాష్ట్ర సాంఘిక సేవల శాఖ లైసెన్స్ కావాలి. అదీ ఆస్పత్రి కాదు. ఆరుగురికి మించని చిన్న ఇళ్లు కూడా ఈ లైసెన్స్ కిందే నడుస్తాయి.

అలాంటి ఇంట్లో ఒకరికి చివరి రోజులు వచ్చాయనుకోండి. అప్పుడు పిలిచేది హాస్పీస్‌ను. అంటే రోగాన్ని తరిమే వైద్యం ఆపి, నొప్పి, ఆయాసం, భయం తగ్గించే సేవ. జబ్బు దాని దారిన అది నడిస్తే ఆరు నెలలకు మించి బతకరని డాక్టర్లు రాసివ్వాలి. ఖర్చు చాలామటుకు పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ భరిస్తుంది. గది అద్దె, తిండి ఖర్చు మాత్రం కుటుంబానివే, ఈ సంగతి తెలిసేసరికి చాలామందికి మొదటి బిల్లు వచ్చేసి ఉంటుంది. హాస్పీస్ రోగిని ఉంచుకోవాలంటే ఆ ఇంటికి శాఖ ఇచ్చే 'వెయివర్', అంటే ప్రత్యేక మినహాయింపు, ముందే ఉండాలి. ఒకేసారి ఎంతమందిని చూసుకోగలరో అందులో చెప్పాలి. సేవ మొదలైన ఐదు పనిదినాల్లో శాఖకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏ పని హాస్పీస్ వాళ్లది, ఏది ఇంటి సిబ్బందిది అన్నది ప్రణాళికలో రాసి ఉండాలి. సూది మందు అక్కడి ఆయా ఇవ్వకూడదు, అర్హత ఉన్నవాళ్లే ఇవ్వాలి. గదిలో ఇంకొకరు ఉంటే, హాస్పీస్ వాళ్లు వచ్చిపోవడానికి ఆ మనిషి ఒప్పుదల కూడా కావాలి.

వినడానికి ఇదంతా విసుగే. అయితే ఆ ఏడు నిమిషాలకు జవాబు ఈ విసుగులోనే ఉంది. మామూలుగా అసిస్టెడ్ లివింగ్‌లో ఎవరి ప్రాణమైనా ప్రమాదంలో పడితే 911కి ఫోన్ చేయాల్సిందే. సీపీఆర్ వద్దన్న పత్రం ఉన్నా సరే, ఫోన్ చేసి, వచ్చినవాళ్ల చేతికి ఆ పత్రం ఇవ్వాలి. హాస్పీస్‌లో ఉన్నవాళ్లకు చట్టం ఇంకో దారి తెరిచింది. రోగి కోరిక రాసిన పత్రం ఉండాలి. ఈ మనిషి జబ్బు ఎలా నడుస్తుంది, చావు దగ్గరపడితే ఏ లక్షణాలు కనిపిస్తాయి అన్నది హాస్పీస్ వాళ్లు సిబ్బందికి నేర్పినట్టు దాఖలా ఉండాలి. ఈ రెండూ ఉంటే, 911 బదులు హాస్పీస్ నంబరుకే ఫోన్ చేయవచ్చు. నర్సు వస్తుంది. సైరన్ మోగదు. పక్కటెముకలు విరగవు.

కోరిక రాసే పత్రాల్లో ఒకటి పోల్స్ట్. కాలిఫోర్నియాలో 2009 నుంచి వాడుకలో ఉంది. ముదురు గులాబీ రంగు కాగితం మీద అచ్చు వేస్తారు, హడావుడిలోనూ కంటికి ఆనాలని. ఇంట్లో ఉండేవాళ్లు ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటిస్తారు. రోగి సంతకంతో పాటు డాక్టరు, నర్స్ ప్రాక్టీషనర్, ఫిజీషియన్ అసిస్టెంట్‌లలో ఒకరి సంతకమూ ఉండాలి.

మన ఇళ్లలో కొసప్రాణం మీద ఉన్న మనిషిని చూసి పెద్దవాళ్లెవరో ఒకరు, "ఇక కింద పడుకోబెట్టండ్రా" అనేవారు. చాప వేసేవారు, తులసి తీర్థం గొంతులో పోసేవారు. అంబులెన్స్ మాట ఎత్తేవాళ్లు కాదు. కాగితం అడిగినవాళ్లూ లేరు, ఆ పెద్దమనిషి మాటే కాగితం. అమెరికాలో ఫ్రీమాంట్‌లోనో డాలస్‌లోనో కొడుకు దగ్గరున్న అమ్మకు ఆ పెద్దమనిషి లేడు. కొడుక్కి ఆ మాట అడగాలంటే నోరు రాదు. అపశకునం. ఇక్కడ మన దేశంలో సుప్రీంకోర్టు 2018లో ముందస్తు వైద్య నిర్దేశాన్ని గుర్తించి, 2023లో దాన్ని నోటరీ ముందు సంతకం చేసేంత సులువు చేసింది. ఆస్తి వీలునామా రాయించే తండ్రులు ఇది మాత్రం రాయించరు.

బేకర్స్‌ఫీల్డ్ ఉదంతం తర్వాత కాలిఫోర్నియా చట్టం మార్చింది. అసెంబ్లీ సభ్యుడు రూడీ సలాస్ తెచ్చిన బిల్లు 2014 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. స్వచ్ఛందంగా సీపీఆర్ చేయబోయే ఉద్యోగిని ఆపే నిబంధన ఏ యాజమాన్యమూ పెట్టడానికి వీల్లేదు. సీపీఆర్ వద్దని ముందే రాసుకున్నవాళ్ల విషయంలో మాత్రం ఆ కోరికే చెల్లుతుంది.

ఆ రోజు భోజనాల గదిలోకి ఫైర్ సిబ్బంది వచ్చేసరికి ఆమె నాడి ఆగింది, ఊపిరి లేదు. సీపీఆర్ వద్దన్న పత్రం ఏదీ అక్కడ దాఖలు కాలేదు. పత్రం లేకపోతే వాళ్ల నిబంధన ఒక్కటే. ఆమె వద్దనుకున్న పని వాళ్లు మొదలుపెట్టారు.