పలువరుస దిద్దుటకుఁ బట్టు కాలము



నేను ఇందుకూరుపేటలో బడిపంతులుగా నుండి విశ్రాంతి పొందినవాఁడను. ఊరి పెద్దలు తిథివారములు మొదలు మందుమాకుల వఱకు నన్ను సంప్రదించుట వాడుక. మొన్న నా యీడువాఁడొకఁడు వచ్చి, "పంతులుగారూ, మా కోడలికి ముప్పదిరెండేండ్లు. మిట్టపండ్లకుఁ గ్లిప్పులు కట్టించుకొందునని పట్టుపట్టినది. నెల్లూరి డాక్టరు రెండేండ్లు పట్టునన్నాఁడు. ఎముక ముదిరిన పిదపఁ బండ్లు కదలునా? కదలినచో రెండేండ్లేల?" యని యడిగెను. ఆయనకుఁ జెప్పిన యుత్తరమునే నేఁడు మీకును విన్నవించుచున్నాను. ఇందు వైద్యముకంటెఁ జరిత్రయే యెక్కువ.

వంకరపండ్లు క్రొత్తగా వచ్చిన జబ్బు కాదు. మన యాయుర్వేదమున దీనికిఁ గరాళమని పేరు. వాగ్భటుని అష్టాంగహృదయమందు దంతరోగములలో నిది లెక్కింపఁబడినది. మాధవకరుని నిదానగ్రంథము, వాయువు పండ్లనాశ్రయించి మెల్లమెల్లఁగా వానిని వికటములుగాఁ జేయుననియు, ఈ రోగమసాధ్యమనియుఁ జెప్పుచున్నది. చెడుట మెల్లఁగా జరుగునని మన పూర్వులు చక్కఁగాఁ గనిపెట్టిరి. బాగుపడుటయు నట్లే మెల్లఁగా జరుగునని లోకమునకు రూఢిగాఁ దెలియుటకు మఱి వేయేండ్లు పట్టినది.

పశ్చిమదేశముల సంగతి చూతము. మొదటి శతాబ్దమున రోమునందు సెల్సస్ అను గ్రంథకర్త, పాలపన్ను ఊడకమునుపే వేఱొక పన్ను మొలచినచోఁ బాలపన్నును తీసివేసి, క్రొత్తదానిని దినదినమును వ్రేలితో దాని తావునకు నొత్తుచుండవలెనని వ్రాసెను. ఇది పసివారికిఁ జెప్పిన యుపాయము. 1728లో ఫ్రాన్సు దేశపు దంతవైద్యుఁడు పియేర్ ఫోషార్ తన గ్రంథమును ప్రకటించెను. పలువరుస వెంబడి లోహపు బద్దనొకదానిని నిలిపి, దానికిఁ బండ్లను దారములతోఁ గట్టి, క్రమముగా లాగు పద్ధతి యందుఁ గలదు. పన్నును పటకారుతోఁ బట్టి యొక్కసారిగాఁ గదల్చి సరిచేయు పద్ధతియు నందే కలదు. తొందరగాఁ గావలెనను కోరిక నేఁటిది కాదని దీనివలనఁ దెలియుచున్నది.

తొందర యేల పనికిరాదో చూపినవాఁడు స్వీడను దేశీయుఁడైన సాండ్‌స్టెట్. ఆయన కుక్కల పండ్లకుఁ గట్టు వేసి కదల్చి, వాని దవడయెముకను సూక్ష్మదర్శినితోఁ బరీక్షించి, 1904, 1905 సంవత్సరములలోఁ దన వ్యాసములను ప్రకటించెను. పన్ను ఏ వైపున కొత్తఁబడునో యా వైపునఁ దొట్టియెముక కరఁగును. వెనుక విడిచిన వైపునఁ గ్రొత్త యెముక పుట్టును. మన పెన్నను చూచినవారికి వేఱే దృష్టాంతమక్కఱలేదు. ఏఱు ఒక దరిని కోయును, రెండవ దరిని మేట వేయును, ఏఱు జరిగినట్లుండును. పన్ను జరుగుటయు నట్టిదే. ఒత్తిడి మితిమీఱినచో నెముకకును పంటికిని నడుమనున్న మెత్తని పొర నెత్తురాడక చచ్చును. అది తొలఁగిపోవువఱకుఁ బన్ను కదలక నిలిచిపోవును. కాఁబట్టి గట్టిగా లాగినచోఁ ద్వరగా వచ్చునను మాట కల్ల.

ఇఁక లెక్క చూతము. ఎడమున్నచోటికిఁ బన్ను నెలకు సుమారు 1 మిల్లీమీటరు జరుగును. మిట్టపండ్లను వెనుకకు తెచ్చుటకు కొందఱికిఁ బ్రక్కపన్నొకటి తీయవలసి వచ్చును. ఆ పంటి వెడల్పు ఇంచుమించు 7 మిల్లీమీటర్లు. ఆ సందు పూడుటకే యాఱెనిమిది నెలలు కావలెను. అంతకుమున్ను వంకరలు తీర్చుటకుఁ గొన్ని నెలలు, తరువాతఁ బైపండ్లును క్రిందిపండ్లును సరిగాఁ గఱచుకొనునట్లు కూర్చుటకు మఱికొన్ని నెలలు. అన్నియుఁ గూడినచో నేఁడాదిన్నర మొదలు రెండేండ్లగును. అనేక దేశముల పరిశోధనలను జేర్చి చూచిన యొక సమీక్ష 2016లో వెలువడినది. తీయుటకు వీలులేని కట్టుకు సగటున సుమారు 20 నెలలు పట్టునని యందుఁ దేలినది. స్వల్పదోషమైనచో నాఱునెలలకే తీరవచ్చును; చిక్కుదోషమైనచో రెండేండ్లు దాఁటవచ్చును.

వయస్సు మాటకు వత్తము. బాలుర యెముక చుఱుకుగాఁ గదలును. పెద్దలది మొదట కొంత జాగు చేయును. ఒకసారి కదలిక మొదలైన పిదప నడక యించుమించు సమానమే. పెద్దలకు వచ్చిన లోటు వేఱొకటి: దవడ పెరుగుట ముగిసినది గనుక, దవడలలోనే పెద్ద తేడా యున్నచోఁ దీఁగతోనే పని తీఱదు, శస్త్రచికిత్స కావలసి వచ్చును. చిగుళ్ల జబ్బున్నచో దానిని ముందు నయముచేసికొనవలెను. ఇవి లేనిచో ముప్పదియైనను ఏఁబదియైనను అడ్డము లేదు. నిజముగాఁ గాలమును పొడిగించునవి నెలనెలకుఁ బోవుట మానుటయు, గట్టివస్తువులు కొఱికి కట్టును ఊడఁగొట్టుకొనుటయుఁ గదా!

అమెరికాలో ఎడ్వర్డ్ ఆంగిల్ 1928లోఁ బ్రకటించిన నలుపలకల తీఁగ కట్టు నేఁటి కట్టులకుఁ బెక్కింటికి మూలము. అప్పుడు పంటిపంటికిని లోహపు పట్టీ బిగింపవలసి యుండెను. 1955లో బ్యూనోకోర్ అను నాతఁడు పంటిపైని పింగాణిపొరను ఆమ్లముతోఁ దుడిచినచో జిగురు పట్టునని చూపఁగా, 1960-70 నడుమఁ జిన్నబిళ్లలను పంటికే యతికించుట యారంభమైనది. 1971లో ఆండ్రియాసెన్ నికెలు, టైటానియము కలిసిన మెత్తని తీఁగను తెచ్చెను. 1999 నుండి కంటికగపడని ప్లాస్టిక్కు తొడుగులును వచ్చినవి. వీనివలన బాధ తగ్గినది, పెద్దలకు సిగ్గు తీఱినది. కాని యెముక నడక మాత్రము మాఱలేదు.

ఇక్కడ మన జిల్లా మాటయొకటి కలదు. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నెల్లూరు జిల్లాలో నీటియందలి ఫ్లోరైడువలనఁ బండ్లును ఎముకలును చెడుటను పరిశోధించి ప్రకటించిరి. అట్టి నీరు త్రాగి గారపట్టిన పంటికి జిగురు సరిగాఁ బట్టదు, బిళ్ల మాటిమాటికి ఊడును, కాలము పెరుగును. మెట్టప్రాంతమునుండి వచ్చిన కోడండ్ర విషయమున దీనిని వైద్యునికి ముందే చెప్పుట మంచిది.

వైద్యులెక్కడ నుండిరందురా? మన దేశమున మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టరు రఫీయుద్దీన్ అహ్మద్ స్థాపించెను. పలువరుస వైద్యుల సంఘము 1965లో నేర్పడినది. నేఁడు నెల్లూరిలోనే దంతవైద్య కళాశాల యున్నది. మన తండ్రులకు లేని వసతి మన కోడండ్రకుఁ గలిగినది.

ఇఁక నా తప్పు చెప్పికొందును. నా మేనకోడలు ఇరువదితొమ్మిదవ యేటఁ దీఁగ కట్టించుకొన్నది. పదునొకండవ నెలలోఁ బెండ్లి కుదిరినది. పండ్లు చూచుటకు వరుసగానే యుండెను. "ఇఁక చాలు, తీయించుకొమ్మ"ని చెప్పినవాఁడను నేనే. వైద్యుఁడు తరువాత పెట్టుకొనుమన్న రిటైనరును గూడ నవసరము లేదంటిని. చిగురులోని నారపోగులు క్రొత్త తావునకు అలవాటుపడుటకు ఏఁడాది వఱకుఁ బట్టునని నే నెఱుఁగను. ఆ పోగులు లాగఁగాఁ బండ్లు మఱల వంకరవోయినవి. ముప్పదియాఱవ యేట మొదటినుండి మొదలుపెట్టి, ఇరువదియొక్క నెలలు ఓర్చుకొని పూర్తిచేసినది. ఆమె నన్నొక్క మాటయు ననలేదు. ఆ యూరకుండుటయే నాకుఁ జాలును.

మన మొలగొలుకుల పైరు దాని నెలలు తాను తీసికొనును. నీరెక్కువ పెట్టినంత మాత్రమున ముందు పండదు. ఆ పెద్దమనిషితో నేను చెప్పిన దింతే: "కోడలికి వయస్సు మించలేదు. రెండేండ్లును వైద్యుఁడు పెంచి చెప్పినవి కావు. నాట్లు వచ్చినను కోఁతలు వచ్చినను నెల తప్పక ఆమెను నెల్లూరికిఁ బంపుఁడు. వరుస తీఱినదని నడుమ నాపకుఁడు. తీఁగ తీసిన పిదప రాత్రులందు రిటైనరు పెట్టుకొన్నదో లేదో యని యడుగుఁడు."

ఆయన కాసేపూరకుండి, "అట్లయిన వచ్చే సోమవారమే పోదుము" అనెను.