రాములమ్మకి వేసిన ఓటు

మెదక్ లోక్‌సభ నియోజకవర్గానికి ఒక విశేషం ఉంది. ఆడవాళ్ళని ఢిల్లీకి పంపడం దానికి కొత్త కాదు. 1962లోనూ, మళ్ళీ 1967లోనూ అక్కణ్ణించి గెలిచినావిడ సంగం లక్ష్మీబాయి. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళి, ఆ జైలు జ్ఞాపకాలని పుస్తకంగా రాసిన మనిషి. ఈ తరం వాళ్ళకి ఆ పేరు కూడా తెలియకపోవడం మన దురదృష్టం. 1980లో ఇందిరాగాంధీ రాయబరేలీలోనూ, మెదక్‌లోనూ నిలబడి, రెండు చోట్లా గెలిచి మెదక్‌నే ఉంచుకుంది. 1984లో హత్యకు గురయ్యేనాటికి ఆవిడ మెదక్ సభ్యురాలే. ఆ తరవాత 2009లో గెలిచినావిడ విజయశాంతి.

మొదటి ఇద్దరి వెనకా ఉద్యమాలూ, పెద్ద పార్టీ ఉన్నాయి. మూడో ఆవిడ వెనక ఉన్నది వెండితెర. అదేం తక్కువా అని మీరు అడగొచ్చు. తక్కువ కాదు. 1983లో రామారావు గారి గెలుపు చూసినవాళ్ళం, మనకి వేరే చెప్పాలా! కానీ రామారావు గారు తెర మీద దేవుడు. విజయశాంతి దేవత వేషాలు కట్టి ఓట్లడిగిన మనిషి కాదు. ఆవిడ తెర మీద కోపం తెచ్చుకున్న మామూలు ఆడది. ఆ తేడాలోనే ఉంది కథంతా.

పుట్టింది 1966లో, మద్రాసులో. మూలాలు మాత్రం వరంగల్ జిల్లావి. అసలు పేరు శాంతి. ముందున్న ‘విజయ’, నటి విజయలలిత పేరులోంచి వచ్చింది. విజయలలిత ఆమెకి పిన్ని. 1970లో ‘రౌడీ రాణి’గా కత్తీ తుపాకీ పట్టిన కథానాయిక ఈ విజయలలితే! తెలుగు సినిమాలో ఆడపిల్ల గుర్రమెక్కి కొట్టే సంప్రదాయం ఆ ఇంట్లో ముందే ఉందన్నమాట.

1980లో, పద్నాలుగేళ్ళ వయసులో, ముందు తమిళంలో ‘కల్లుక్కుళ్ ఈరం’, అదే ఏడు తెలుగులో ‘కిలాడి కృష్ణుడు’. ఆ రెండో దానికి దర్శకురాలు విజయనిర్మల. తరవాత మూడేళ్ళు చెప్పుకోదగ్గదేం లేదు. హీరో పక్కన నాలుగు పాటలు, కాసిని కన్నీళ్ళు. 1983లో టి. కృష్ణ ‘నేటి భారతం’ తీశాక గానీ ఈ అమ్మాయి కళ్ళలో ఏముందో జనం చూడలేదు. 1985లో ‘ప్రతిఘటన’ వచ్చింది. నిర్మాత రామోజీరావు. నడివీధిలో అవమానించబడిన ఒక లెక్చరర్, చట్టమూ, ఊరూ, కట్టుకున్నవాడూ ఎవరూ నిలబడకపోతే, చివరికి తానే గొడ్డలి ఎత్తుతుంది. ఆ కథని తరవాత హిందీలోనూ తీశారు. టి. కృష్ణ మాత్రం 1986లోనే పోయాడు. ఇంకో పదేళ్ళు బతికి ఉంటే ఈవిడ చేత ఏం చేయించేవాడో అనిపిస్తుంది నాకు.

1990లో ‘కర్తవ్యం’. పోలీసు అధికారి వైజయంతి పాత్ర. కిరణ్ బేడీ స్ఫూర్తితో రాసిన పాత్ర అది. జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. పోరాటాల్లో డూపుని పెట్టుకోదని ఆవిడకి పేరు. పోస్టరు మీద ఆడదాని బొమ్మ ఒక్కటే వేసి టిక్కెట్లమ్మవచ్చునని పంపిణీదారులకి అర్థమైన రోజులవి. అంతకుముందు మన పెద్ద నటీమణులు లేక కాదు. సావిత్రికీ భానుమతికీ మించిన నటనా మన దగ్గర? కానీ యాక్షన్ సినిమాని మొదటి ఆట నుంచి ఆఖరి ఆట దాకా ఒంటిచేత్తో లాగడం వేరే విద్య.

ఇక 1997లో దాసరి నారాయణరావు గారి ‘ఒసేయ్ రాములమ్మా’. నేను డిగ్రీ చదివే రోజులు. దొర గడీ, వెట్టి, చెరచబడ్డ దళిత పిల్ల, ఆ పిల్ల తుపాకీ పట్టడం. ఆ సినిమాలో గొంతులు ఎక్కువ, నిశ్శబ్దం తక్కువ అని నాకు ఇప్పటికీ అభిప్రాయం. కానీ తెలంగాణ పల్లెల్లో దాన్ని సినిమాగా చూడలేదు. ఊరి సంగతిగా చూశారు. ఆవిడకి నాలుగో నంది బహుమతి, ఇంకో పేరూ అక్కడే వచ్చాయి. ఆ పేరు ఆవిణ్ణి ఈనాటికీ వదల్లేదు.

మరుసటి ఏడే, 1998లో, భారతీయ జనతా పార్టీలో చేరింది. 1999లో సోనియాగాంధీ కడప నుంచి నిలబడుతుందనుకుంటే ఆవిడ మీద పోటీకి ఈవిణ్ణి అనుకున్నారు. సోనియా బళ్ళారికి వెళ్ళడంతో ఈవిడ పోటీ ఆగిపోయింది. చూశారా, సినిమాలో ఆవిడ కోసం కథ రాసేవారు. రాజకీయంలో ఎవరి కథలోనో ఆవిణ్ణి పెట్టారు. అది నచ్చకే కాబోలు, 2005లో సొంతంగా ‘తల్లి తెలంగాణ’ పార్టీ పెట్టింది. ఆడది సొంత పార్టీ పెట్టడమంటే మన దగ్గర మాటలా? జెండా, ఆఫీసు, డబ్బు, కార్యకర్తలు! నాలుగేళ్ళు నడిపి, 2009 మొదట్లో తెలంగాణ రాష్ట్ర సమితిలో కలిపేసింది. ఆ ఏడే ఎన్నికలు. ఆ పార్టీకి రాష్ట్రం మొత్తం మీద దక్కిన లోక్‌సభ స్థానాలు రెండే: మహబూబ్‌నగర్‌లో కె. చంద్రశేఖరరావు, మెదక్‌లో విజయశాంతి. మెజారిటీ ఆరువేల పైచిలుకు. అంటే అంచు మీద నడిచి గెలిచిందన్నమాట. అదే సభలో రాంపూర్ నుంచి జయప్రద కూడా ఉంది. అంతకు ముందు 1989లో జమున రాజమండ్రి నుంచీ, 1996లో శారద తెనాలి నుంచీ వెళ్ళారు.

మెదక్ అంటే పల్లెలే అనుకునేరు. సిద్దిపేట, దుబ్బాక, గజ్వేల్, నర్సాపూర్‌లతో పాటు సంగారెడ్డి, పటాన్‌చెరు కూడా దాన్లోవే. హైదరాబాదు దాటి బొంబాయి రోడ్డు ఎక్కితే రామచంద్రాపురం భెల్, పటాన్‌చెరు పారిశ్రామికవాడ, పాశమైలారం, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం. మందుల కంపెనీలూ, రసాయనాలూ వచ్చాక నక్కవాగు నీళ్ళ రంగు మారింది. బావులు చెడ్డాయి. చుట్టుపక్కల రైతులు 1990ల్లో సుప్రీంకోర్టు దాకా పోయిన కథ అది. నీళ్ళు చెడితే ముందుగా తెలిసేది ఎవరికండీ? బిందె మోసేవాళ్ళకి.

పటాన్‌చెరు సంతలో కూరలమ్మే ఒకామెతో ఓసారి మాటల్లో ఈ ప్రస్తావన వచ్చింది. “మేము రాములమ్మకే ఏసినమమ్మా ఓటు” అంది. విజయశాంతికా అంటే, “ఆమెనే గదా” అని నవ్వింది. “సిన్మాల దొరను కొట్టింది. ఈడ కంపినోళ్ళను ఎట్ల కొడ్తది? కాయితాలు పెట్టాలె గని.”

అంత చక్కగా నేను చెప్పలేను. 2009లో ఒక ఎంపీకి ఏడాదికి అభివృద్ధి నిధులు రెండు కోట్లు. ఏడు శాసనసభ స్థానాలకీ పంచాలి. పార్లమెంటులో ప్రశ్న వేయవచ్చు, మంత్రికి ఉత్తరం రాయవచ్చు, ధర్నాలో కూర్చోవచ్చు. గొడ్డలి ఉండదు. తెర మీద రెండున్నర గంటల్లో తీరిన పగకి అలవాటు పడ్డ జనం ముందు ఐదేళ్ళ ఉత్తరాలు ఎంత బోసిగా కనిపిస్తాయో చూడండి. పైగా ఆ ఐదేళ్ళూ తెలంగాణ ఉద్యమం రోజులు. 2009 డిసెంబరు ప్రకటన, 2011లో రాజీనామాలు, అన్నీ ఆ కాలంలోవే.

2013లో ఆవిణ్ణి పార్టీ సస్పెండ్ చేసింది. 2014లో, అంటే రాష్ట్రం వచ్చిన ఏడే, కాంగ్రెసులో చేరి మెదక్ అసెంబ్లీకి నిలబడి ఓడిపోయింది. ఓడించింది మగ నాయకుడు కాదు. పద్మా దేవేందర్ రెడ్డి. ఆవిడ కొత్త రాష్ట్రపు శాసనసభకి మొదటి డిప్యూటీ స్పీకరయింది. విజయశాంతి 2020 డిసెంబరులో మళ్ళీ బి.జె.పి.కి, 2023 నవంబరులో మళ్ళీ కాంగ్రెసుకి. దీని మీద నవ్విన నవ్వులు అన్నీ ఇన్నీ కావు. నవ్వొద్దని నేననను. ఓటు వేసిన మనిషికి అడిగే హక్కుంది. కానీ ఒక్కో ఎన్నికకి ఒక్కో కండువా కప్పుకున్న మగ నాయకుల లెక్కని మన ఇళ్ళల్లో ఎవరైనా వేళ్ళ మీద చెప్పగలరా? వాళ్ళు మారితే ‘వ్యూహం’. ఈవిడ మారితే ‘నిలకడ లేదు’. ఇదే మాట ఉద్యోగం మారిన కోడలి గురించి కూడా వినే ఉంటారు.

మధ్యలో సినిమాని పదమూడేళ్ళు వదిలేసి, 2020 జనవరిలో ‘సరిలేరు నీకెవ్వరు’తో తిరిగొచ్చింది. 2025 మార్చిలో తెలంగాణ శాసనమండలికి పోటీ లేకుండా ఎన్నికైంది. ఎమ్మెల్యేల కోటా అది. సంగారెడ్డిలో గానీ పటాన్‌చెరులో గానీ ఎవరూ వేలికి సిరా పూయించుకోనక్కర్లేదు. ఏప్రిల్ మొదట్లో ప్రమాణం చేసింది. అదే నెలలో ఆవిడ కొత్త సినిమా ఒకటి విడుదలైంది. అందులో ఆవిడ పోలీసు అధికారి. పాత్ర పేరు వైజయంతి.